పద్దులో కానరాని వ్యయము



గత మాసమున మా వీధిలో నొక గృహమున సీమంతపు పేరంటము జరిగినది. పసుపు కుంకుమలు పుచ్చుకొని, తాంబూలము లందుకొని, స్త్రీలందఱును చాపలపై గూర్చుండి ముచ్చటించుకొనుచుంటిమి. అందొక వదినగారు క్రొత్తగా విద్యుత్తుకారు కొనియుండిరి. చప్పుడు లేదనియు, పొగ లేదనియు, పెట్రోలు బంకు మొగము చూడ నక్కఱయే లేదనియు నామె సంతోషముతో జెప్పి, "అన్నింటికంటె మేలేమనగా, రోడ్డు పన్ను ఒక్క పైసయైనను కట్టలేదు" అనిరి. మేమందఱమును మెచ్చుకొంటిమి.

అంతలో పల్లెనుండి ఆర్టీసీ బస్సులో బయలుదేరిన యొక పెద్దమ్మగారు ఆలస్యముగా వచ్చి, బస్సు క్రిక్కిఱిసి యుండెనని చెప్పి చెమట తుడుచుకొనిరి. ఆ వదినగారే నవ్వి, "ఊరక యెక్కనిచ్చు బస్సు గదా పెద్దమ్మా, అట్లే యుండును. ఈ ఉచితములతోనే ఖజానా ఖాళీ యగుచున్నది" అనిరి. పెద్దమ్మగారు బదులు పలుకలేదు. తల వంచుకొని తాంబూలమును కొంగున ముడివేసికొనిరి.

ఆ మాట మమ్ము వారము దినములు విడువలేదు. వదినగారు చెడ్డవారు కారు. పదిమందికి సాయపడు నిల్లాలు. అయినను ఒకే పేరంటమున, ఒకే చాపపైని, ఒకే ఖజానానుండి సొమ్ము పొందిన యిద్దఱు స్త్రీలలో నొకతె తల యెత్తుకొని చెప్పుకొనెను, ఒకతె తల వంచుకొనెను. ఇట్లేల జరిగినది? ఈ నెల యీ సంగతినే మనము విచారింతము.

మొదట ఇంటి లెక్కతో మొదలుపెట్టుదము. ఒక యుమ్మడి కుటుంబమున నలుగు రన్నదమ్ములు నెలకు ఐదేసి వేల రూపాయలు ఇంటి వ్యయమునకు ఇచ్చుచున్నా రనుకొనుడు. ఇంటి పెద్ద మూడవవానిని బిలిచి, "నీవొక మంచిపని చేసితివి, ఈ యేడు నీ వంతు ఇయ్యనక్కఱలేదు" అనెను. దానివలన బియ్యము ధర తగ్గదు. పాలవాడు బాకీ మానడు. ఆ ఐదు వేలను తక్కిన మువ్వురు పంచుకొనవలయును. లేదా అప్పు చేయవలయును. లేదా పిల్లల పాలలో నీళ్లు కలుపవలయును. అయినను జమాఖర్చుల పుస్తకము తిరుగవేసి చూడుడు. "మూడవవాని కిచ్చినది 5,000" అని యెచ్చటను వ్రాసి యుండదు. "అత్తయ్యగారి మందులకు 500" అని మాత్రము స్పష్టముగా వ్రాసియుండును. కావున ఆ యింటిలో జగడము ఐదు వేలను గూర్చి రాదు. ఐదువందల మందులను గూర్చి వచ్చును.

ప్రభుత్వపు పద్దు నిట్లే. చేతి కిచ్చిన సొమ్ము వ్రాతలో బడును. వదలివేసిన పన్ను వ్రాతలో బడదు. పన్ను వదలుటయు వ్యయమే యని గట్టిగా జెప్పినవారిలో ముఖ్యుడు స్టాన్లీ సర్రీ. అతడు అమెరికా కోశాగారశాఖలో అధికారిగా నుండి 1967 లో ఈ మాటను లోకమున బెట్టెను. 1974 నాటి చట్టము వలన అచ్చట వదలివేసిన పన్నుల పట్టికను బడ్జెటుతో గూడ ప్రకటించుట తప్పనిసరి యైనది. మన కేంద్ర ప్రభుత్వమును 2006–07 మొదలుకొని బడ్జెటు పత్రములతో నట్టి యనుబంధము నొకదానిని జతపఱచుచున్నది. ఆ పుటలవఱకు బోయి చదువువారు మాత్రము అరుదు.

ఇక విద్యుత్తుకారు సంగతి. వీనికి మన దేశమున వదలిన పన్నులు ప్రధానముగా మూడు విధములు.

మొదటిది జీఎస్టీ. 2019 ఆగస్టు 1 నుండి విద్యుత్తు వాహనములపై ఈ పన్నును నూటికి 12 నుండి 5 కు దింపిరి. 2025 సెప్టెంబరు 22 న కార్లపై రేట్లను మార్చినప్పుడు చిన్న పెట్రోలు కార్లకు 18, పెద్దవానికి 40 అని నిర్ణయించి, విద్యుత్తుకార్లకు 5 నే నిలిపిరి. పన్ను గాక పది లక్షల ధర యనుకొన్నచో, చిన్న పెట్రోలు కారుపై లక్షా ఎనుబది వేలు, పెద్దదానిపై నాలుగు లక్షలు, విద్యుత్తుకారుపై ఏబది వేలు వచ్చును. విద్యుత్తుకారు ఎంత పెద్దదైనను, ఎంత విలాసమైనదైనను రేటు అదియే.

రెండవది రాష్ట్రముల రోడ్డు పన్ను. తెలంగాణ ప్రభుత్వము 2020 లో ప్రకటించిన విధానమున సొంత కార్లలో మొదటి 5,000 లకే ఈ మినహాయింపు నిచ్చెను. 2024 నవంబరు 18 నుండి ఆ సంఖ్యా పరిమితిని దీసివేసి, 2026 డిసెంబరు 31 వఱకు విద్యుత్తు వాహనము లన్నిటికిని రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా వదలెను. స్కూటరు, ఆటో, బస్సు, కారు అను భేదము లేదు. ధరకు హద్దు లేదు.

మూడవది ఆదాయపు పన్ను. 2019 ఏప్రిలు 1 మొదలు 2023 మార్చి 31 లోపల విద్యుత్తు వాహనమునకై మంజూరైన అప్పుపై, ఏటికి లక్షన్నర రూపాయల వడ్డీవఱకు ఆదాయమునుండి తగ్గించి చూపుకొన వచ్చునని చట్టము చేసిరి. ఇది సమానముగా గన్పట్టును. కాని నూటికి 30 వంతున పన్ను కట్టువానికి దీనివలన 45,000 మిగులును. 5 వంతున కట్టువానికి 7,500 మిగులును. పన్ను కట్టునంత సంపాదన లేనివానికి ఏమియు మిగులదు. కలవాని కధికము, లేనివానికి సున్న. దీనినే చేతికిచ్చు సొమ్ముగా నిచ్చి, "ధనికునకు నలుబదియైదు వేలు, నడిమివానికి ఏడువేల ఐదువందలు, బీదవానికి లేదు" అని ప్రకటించిన యెడల ఏ ప్రభుత్వమైనను నిలుచునా? పన్ను వదలుట యనుపేర చేసినందుననే చెల్లినది.

ఇచ్చట నొక విశేషము గమనింపదగి యున్నది. కేంద్ర ప్రభుత్వము విద్యుత్తు వాహనములకై సొమ్ము రూపమున ఇచ్చిన సాయమున ఎంతయో జాగ్రత్త చూపెను. 2019 లో పదివేల కోట్ల రూపాయలతో నారంభించిన ఫేమ్ రెండవ పథకమున సొంత వాడుక కార్లకు సాయము లేదు. అద్దెకు దిరుగు కార్లకే, అదియు కర్మాగారపు ధర 15 లక్షలు దాటనివానికే యిచ్చిరి. 2024 అక్టోబరు 1 న 10,900 కోట్లతో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకమును బస్సులు, ఆటోలు, స్కూటర్లు, లారీలు, రోగులను గొనిపోవు ఆంబులెన్సులు మొదలగు వానికే గాని సొంత కార్లకు గాదు. అనగా, పద్దులో గన్పట్టు సొమ్ము నిచ్చునప్పుడు "ఎవరికి, ఎంతవఱకు, ఎన్నాళ్లు" అని ప్రశ్నించిన చేయియే, పద్దులో గన్పట్టని పన్నును వదలునప్పుడు ఆ ప్రశ్నలు వేయలేదు. చూచువారు లేనిచోట కొలత గూడ లేకపోయినది.

ఇప్పుడు మూడు గృహముల లెక్క చూతము. మినహాయింపు వచ్చిననాటి తెలంగాణ రేట్ల చొప్పున, 10 నుండి 20 లక్షల ధరగల కారునకు రోడ్డు పన్ను నూటికి 17. పదునైదు లక్షల విద్యుత్తుకారు కొన్నవారి కిందువలన మిగిలినది రెండు లక్షల యేబదియైదు వేలు. లక్ష రూపాయల విద్యుత్తు స్కూటరు కొన్నవారికి, నూటికి 12 చొప్పున, పండ్రెండు వేలు. మూడవ యింటివారు ఏదియు కొనలేదు, బస్సులో దిరుగుదురు. వారికి వాహన మినహాయింపు లేదు. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో లభించుచున్న సున్నా టికెట్టు మాత్రము వారికి గలదు.

తెలంగాణమున 2025 జూలై నాటికి ఇట్టి ప్రయాణములు 200 కోట్లు పూర్తియైనవనియు, వాని వెల 6,680 కోట్ల రూపాయలనియు ప్రకటించిరి. భాగించి చూచిన ఒక్కొక ప్రయాణమునకు ముప్పదిమూడు రూపాయల చిల్లర వచ్చును. మన పెద్దమ్మగారు దినమునకు రెండుమార్లు, ఏడాది పొడవునను, ఒక్కనాడైనను మానక బస్సెక్కిన యెడల, వదినగారి కొక్కనాట మిగిలిన రెండు లక్షల యేబదియైదు వేలతో సమాన మగుటకు పదేండ్లకు పైబడును. జీఎస్టీలో మిగిలినది దీనికి గలుపలేదు.

న్యాయముగా మఱియొక మాటయు జెప్పవలయును. మొత్తముగా జూచిన బస్సు పద్దే యెంతయో పెద్దది, సందేహము లేదు. కాని యది కోట్ల ప్రయాణములకు బంచిన పెద్దమొత్తము. కారు పద్దు చిన్నది; కొలదిమంది చేతులలో బడినది. బస్సు పద్దు మంచిదా కాదా యని వాదించుటకు ఎవరికైనను హక్కు గలదు. అది ప్రజల సొమ్ము. అదే తక్కెడలో రెండవదానిని గూడ తూచవలయు ననుటయే మా మనవి.

విద్యుత్తుకారువలన లాభము లేదని మేమనము. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా విదేశములనుండి తెచ్చుకొనునది. దానికై పోవు ధనము మిగులుట మేలే. వీధిలో నాడుకొను పిల్లల ముక్కుపుటములకు పొగ తగులకుండుటయు మేలే. మన విద్యుత్తులో హెచ్చుపాలు నేటికిని బొగ్గు గాల్చి తీయునదే యైనను, పొగ గొట్టము ఇంటి వాకిట లేకుండుట చిన్న సంగతి గాదు. క్రొత్త వస్తువు ప్రియముగా నున్నప్పుడు దానిని నాటుకొన జేయుటకు సర్కారు చేయూత నిచ్చుట నారుమడికి నీరు పెట్టుటవంటిది. అయితే నారు వేరూనిన పిమ్మటను ఆ మడికే నీరు పారించుచు, క్రింది చేలను ఎండగట్టు రైతును ఊరివారు మెచ్చరు. 2010 తరువాత ప్రపంచ విపణిలో ఈ కార్ల బ్యాటరీల ధర పదింట తొమ్మిదివంతులవఱకు దిగినది. నీటి కాలువను మఱలించు వేళ యెప్పుడో యని యడుగుట తప్పు గాదు.

ఇంకొక చిక్కు గలదు. రాయితీ యిచ్చినందున కొన్నవారు కొందఱు. ఇయ్యకున్నను కొనెడివారు మఱికొందఱు. రెండవ తెగవారి కిచ్చిన ప్రతి రూపాయయు గాలి శుభ్రమునకు గాక వారి పెట్టెలోనికే చేరును. అమెరికాలో 2006 మొదలు 2012 వఱకు జరిగిన దానిని సెవెరిన్ బోరెన్‌స్టీన్, లూకాస్ డేవిస్ అను నర్థశాస్త్రజ్ఞులు పరిశోధించి, విద్యుత్తుకార్లకై వదలిన ఆదాయపు పన్నులో నూటికి 90 వంతులు ఆదాయమున మీదియైదవవంతు వారికే చేరినదని 2015 లో వ్రాసిరి. 2022 నాటి చట్టమున కొనువారి యాదాయమునకును, కారు ధరకును హద్దులు పెట్టిరి. పిమ్మట 2025 సెప్టెంబరు 30 తో ఆ రాయితీనే ముగించిరి.

నార్వే దేశపు కథ యింకను బోధకరము. 1989 లో ఆ దేశపు ఆ-హా యను సంగీతబృందపు గాయకులును, పర్యావరణమునకై పోరు నొక పెద్దమనిషియు విద్యుత్తుకా రొకటి తెచ్చి, దారిసుంకము గట్టమని మొండికెత్తి నడపిరట. సర్కారు వారు దానిని పట్టి వేలము వేసిరి. అట్లు వేడుకగా మొదలైన యుద్యమమునకు ప్రభుత్వము తలయొగ్గి, 1990 మొదలు కొనుగోలు పన్నును, తరువాత దారిసుంకమును, 2001 లో నూటికి 24 గా నున్న వ్యాట్ పన్నును వదలి, 2005 నుండి బస్సులకై ప్రత్యేకించిన దారులలో గూడ వీనిని పోనిచ్చెను. ఫలము దక్కలేదనరాదు: 2024 లో అచ్చట అమ్ముడైన క్రొత్త కార్లలో నూటికి 88 కి పైగా విద్యుత్తువే.

మఱి వెల యేమి? హోల్ట్‌స్మార్క్, స్కోన్‌హాఫ్ట్ అను పండితులు 2014 లోనే, ఈ రాయితీల మూలమున కలిగిన యిండ్లవారు ఉన్న కారు నుంచుకొనియే రెండవ కారు కొనుచున్నారనియు, బస్సును, సైకిలును విడిచి కారెక్కుచున్నారనియు, తక్కిన దేశము లీ మార్గమును బట్టరాదనియు వ్రాసిరి. ఓస్లో నగరమునకు బోవు పెద్దదారిలో ఈ కార్లు బస్సుల దారిని నింపివేసి బస్సులనే యాలస్యము చేయగా, 2015 లో రద్దీవేళల ఒంటరిగా నడపువానిని ఆ దారిలోనికి రానీయమని కట్టడి చేయవలసివచ్చెను. పొగ తగ్గింపవలె నని తెచ్చిన కారు, పదుగురు కూర్చున్న బస్సునకు అడ్డు నిలిచెను! 2023 నుండి ఐదు లక్షల క్రోనరులకు మీఱిన ధరపై వ్యాట్ పన్ను వేయ మొదలుపెట్టి, 2026 నుండి ఆ హద్దును మూడు లక్షలకు దించిరి. చమురు నమ్మి నిధులు కూడబెట్టుకొన్న సంపన్న దేశమే హద్దు గీచుకొన్నది. అప్పు చేసి బడులు నడపు మన రాష్ట్రముల మాట చెప్పనేల?

హైబ్రిడ్ కార్లను గూర్చి యొక్క మాట. ఇవి పెట్రోలును, బ్యాటరీని రెంటిని వాడి నడచునవి. బలమైన హైబ్రిడ్డు పెట్రోలును కొంత పొదుపు చేయును. కాని త్రాగుట మానదు. 2015 లో మొదటి ఫేమ్ పథకమున పేరుకు మాత్రము హైబ్రిడ్డులైన తేలిక రకములకును సొమ్మిచ్చి, 2017 ఏప్రిలు నుండి మానిపించిరి. ఆ జూలైలోనే జీఎస్టీ వచ్చి పెద్ద హైబ్రిడ్డులపై పన్ను, సెస్సుతో గూడ నూటికి 43 అయ్యెను. 2024 జూలైలో ఉత్తరప్రదేశ ప్రభుత్వము బలమైన హైబ్రిడ్డులకు రిజిస్ట్రేషను పన్నును పూర్తిగా వదలెను. పదిలక్షలకు పైబడిన కార్లపై నది నూటికి 10. ఇరువది లక్షల కారునకు రెండు లక్షలన్నమాట. ఒకనాడు పెట్టి, ఒకనాడు కొట్టి, మఱల పెట్టు చేతినిబట్టి చూడగా, కొలత యేదియో నిర్ణయింపక యిచ్చుట వలన వచ్చు చిక్కు తెలియుచున్నది.

కొన్ని రాష్ట్రములు మేలుకొనుచున్నవి. కర్ణాటకము 2024 లో 25 లక్షలకు మించిన విద్యుత్తుకార్లపై నూటికి 10 పన్ను వేసెను. కేరళము 2025 లో ధరను బట్టి మెట్లు మెట్లుగా రేట్లను హెచ్చించెను. మహారాష్ట్రము 2025 బడ్జెటున 30 లక్షలు దాటినవానిపై నూటికి 6 ప్రతిపాదించి, ఆ నెలలోనే వెనుకకు దీసికొనెను. ముప్పది లక్షల కారు కొనువాని గొంతు ఎంత దూరము వినబడునో దీనివలన గ్రహింపవచ్చును. పెద్దమ్మగారి గొంతు బస్సు కిటికీ దాటదు.

రాజు పన్నును బుచ్చుకొనుటను సూర్యుడు నీటిని పీల్చుటతో పోల్చి, వేయింతలుగా తిరిగి కురియుటకే యని కాళిదాసు రఘువంశమున దిలీపుని వర్ణించెను. మేము బాల్యమున నాయనగారివద్ద చదువుకొన్న యీ భావమే నేడు మఱల జ్ఞప్తికి వచ్చుచున్నది. సూర్యుడు పెద్ద చెఱువునుండియు, గుడిసె ముందటి కుండనుండియు నీరు పీల్చును. అగ్గిపెట్టెకును, సబ్బుబిళ్లకును, బడిపిల్ల చెప్పులకును పన్ను కట్టని పేదరాలు మన దేశమున లేదు. పీల్చునది అందఱినుండియైనప్పుడు, కురియునది మేడలమీదనే యైన మేఘమును మనము మంచి మేఘ మందుమా?

కాబట్టి మేము కోరునది గొప్ప సంగతి కాదు. పన్ను వదలునప్పుడు కారు ధరకు హద్దుండవలయును. గడువుండవలయును, గడువు తీఱిన నాడు లెక్క చూచిన పిమ్మటనే పొడిగింపవలయును. ఏటేట నెంత వదలితిమో, అది యే ధరగల బండ్లకు బోయెనో, రాష్ట్రపు బడ్జెటులో బస్సుపద్దు ప్రక్కనే సులభమైన తెలుగున అచ్చువేయవలయును. సాయము చేయదలచిన మొదట బస్సునకు, తరువాత ఆటోకు, స్కూటరునకు, మిగిలినచో కారునకు చేయవలయును. ఒక విద్యుత్తు బస్సు దినమంతయు తిరిగి వందలమందిని మోయును. సొంతకారు ముప్పాతిక దినము నీడను నిలిచి యుండును.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మేము వదినగారి యింటికి బోయి యీ లెక్కలన్నియు చదివి వినిపించితిమి. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "మేము అడుగలేదు గదా వదినా, వారిచ్చిరి, మేము పుచ్చుకొంటిమి. ఇందు మా తప్పేమి?" అనిరి. తప్పేమియు లేదని మేమంటిమి. పెద్దమ్మగారును అట్లే పుచ్చుకొనిరి. ఆమె తప్పును లేదు. ఇచ్చినవారిని అడుగవలసినది అడుగక, పుచ్చుకొన్నవారిలో నొకరిని జూచి నవ్వుటయే తప్పు.

వదినగారు మమ్ము సాగనంపుచు, రాబోవు శ్రావణ శుక్రవారమునకు పెద్దమ్మగారిని తామే కారులో దీసికొనివత్తు మనిరి. మంచిమాటయే. అయితే ఆ కారు రాని శుక్రవారములు ఏడాదిలో మఱి యేబది గలవు. ఆనాడు పెద్దమ్మగారు ఎక్కవలసిన బస్సును గూర్చియే మేము అడుగుచున్నాము.